జీవశాస్త్రవిద్యకు పూర్వరంగము

(సంఘ వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. నేను సంస్కృతము చదువుకొని, ఉన్నతపాఠశాలలలో భాషోపాధ్యాయుడనుగా జీవితము గడపి విశ్రాంతి పొందినవాడను. అట్టివాడు జీవశాస్త్రమును గుఱించి మాటలాడబూనుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని పదవ తరగతి పరీక్షలు ముగియుచుండగనే మన యిండ్లలో వినబడు ప్రశ్న యొకటియే: “అబ్బాయిని బైపీసీలో చేర్పింతుమా? అమ్మాయి డాక్టరు చదువునకు నిలువగలదా?” ఈ ప్రశ్నకు సమాధానము పదవ తరగతి మార్కులలో లేదు. ఎనిమిదవ తరగతి మొదలు ఆ బిడ్డ కంటితో ఏమి చూచినది, చెవిని బడిన మాటను ఎట్లు గ్రహించినది, గ్రహించినదానిని ఎట్లు నిలుపుకొన్నది అనునందున్నది. ఈ మూడింటిలో రెండు భాషోపాధ్యాయుని పనులే. కావున నేను మాటలాడుట అనధికారప్రసంగము కాదని నమ్ముచున్నాను.

ముందు పరిస్థితిని చూతము. ఇంటర్మీడియట్ రెండేండ్లును పేరునకు పాఠశాలకు పైమెట్టు, స్వభావమునకు కళాశాలవిద్య. పదవ తరగతిలో పోషణము, శ్వాసక్రియ, ప్రసరణము, విసర్జనము, ప్రత్యుత్పత్తి, అనువంశికత అన్నియు కొలది పాఠములలోనే ఇముడును. ఇంటర్మీడియట్‌లో ఒక్క కణమే యొక పెద్ద ప్రకరణము. దాని పొర, కేంద్రకము, హరితరేణువు, మైటోకాండ్రియా మొదలగునవి వేఱువేఱుగా నేర్వవలయును. వర్గీకరణమున వందలకొలది పేర్లు వచ్చును. అవియన్నియు, తఱచుగా, ఆంగ్లమున వచ్చును.

వైద్యకళాశాల ప్రవేశమునకు 2017 నుండి మన రెండు తెలుగు రాష్ట్రములలోను నీట్ పరీక్షయే ద్వారము. 2025 నాటి పరీక్షయందు 180 ప్రశ్నలకు 180 నిమిషముల కాలమిచ్చినారు. అందు 90 ప్రశ్నలు జీవశాస్త్రమునవే. మొత్తము 720 మార్కులలో 360 దానివే. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు కలియును. తప్పు వ్రాసిన ఒక మార్కు పోవును. ప్రశ్నపత్రము తెలుగుననుకూడ లభించుచున్నదిగాని, అనువాదమున సందేహము గలిగినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని నియమము.

ఈ భారమును చూచి తల్లిదండ్రులు తొందరపడుచున్నారు. ఆఱవ, ఏడవ తరగతులనుండియే ఇంటర్మీడియట్ పాఠములను పిల్లలచే వల్లె వేయించు పద్ధతి యొకటి బయలుదేఱినది. నారు ఎదుగకముందే నాటువేసిన పొలము పండునా? నేను విన్నవించుకొనునది యిది: కళాశాల పుస్తకమును ముందుగా తెచ్చి ఉన్నతపాఠశాలలో చదివించుట సన్నాహము కాదు. ఆ పుస్తకమును రేపు తనంతట తాను చదువగల శక్తిని నేడు కల్పించుటయే సన్నాహము. ఆ శక్తికి అంగములు నాలుగు: దర్శనము, పదజ్ఞానము, గణనము, ధారణము.

మొదటిది దర్శనము. జీవశాస్త్రము చూచి తెలిసికొను శాస్త్రము. చూడనిదానికి పేరు నేర్చుట, ఎఱుగనివాని చిరునామాను కంఠస్థము చేయుటవంటిది. దర్శనమునకు ధనమక్కఱలేదు. మన పెరటి మందారపువ్వును ఒక దానిని కోసి బిడ్డ చేతికిండు. నిలువుగా చీల్చుమనుడు. రక్షకపత్రములైదు, ఆకర్షకపత్రములైదు. కేసరముల కాడలన్నియు కలిసి యొక గొట్టమైనవి. ఆ గొట్టము నడుమనుండి కీలము పైకివచ్చి చివర అయిదుగా చీలినది. అడుగున అండాశయమును అడ్డముగా కోసి చూచిన అందును అయిదు గదులే. ఇన్ని అయిదులను తన వ్రేళ్లతో లెక్కించిన బిడ్డ, రేపు కళాశాలలో ఆ కుటుంబలక్షణములను చదువునప్పుడు క్రొత్తవానిని కలిసినట్లు బెదరక, చుట్టమును చూచినట్లు పలుకరించును.

వంటయిల్లుకూడ ప్రయోగశాలయే. శనగగింజను నానబెట్టి పొట్టు తీసిన రెండు బద్దలగును. మనము పప్పు అనునది ఆ బీజదళమే. జొన్నగింజ అట్లు చీలదు. రెండింటిని తడిగుడ్డలో మొలకెత్తించి, మట్టిలో నాటి, మూడు వారములు చూడనిండు. శనగకు తల్లివేరు దిగును. జొన్నకు గుబురువేళ్లు వచ్చును. ఒకదాని యాకున ఈనెలు వలవలె అల్లుకొనును. వేఱొకదాని యాకున బారులు తీర్చియుండును. ద్విదళబీజము, ఏకదళబీజము అను భేదము బిడ్డకిక మఱపురాదు.

మన గృహిణులు ఏటేట మాగాయ పెట్టుచున్నారు. మామిడిముక్కలకు ఉప్పు పట్టించినంతనే ఊట దిగుచున్నదిగదా! ఆ నీరెక్కడిది? ముక్కలోని కణములదే. వెలుపలి లవణము సాంద్రమగుటచే లోని నీరు పొరను దాటి బయటికి వచ్చినది. ఎండుద్రాక్షను మంచినీట వేసిన అది ఉబ్బును; అచట నీరు లోపలికి పోయినది. ఇదియే ద్రవాభిసరణము. తల్లి ప్రక్కన కూర్చుండి ఆ ఊటను చూచిన బిడ్డకు, మొక్క వేరు నేలనుండి నీటినెట్లు పీల్చుచున్నదో చెప్పుట సులభము.

చూచినదానిని గీయవలయును. చిత్రము అందముగా నుండనక్కఱలేదు. సత్యముగా నుండిన చాలును. పుస్తకములోని బొమ్మను చూచి గీసిన చేయి అచ్చుపనివానిది. ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూచి, ఇటుకలవలె పేర్చినట్లున్న కణములను తానుగా గీసిన చేయి శాస్త్రజ్ఞునిది.

రెండవది పదజ్ఞానము. నా శిష్యుడొకడు పదవ తరగతివఱకు తెలుగున చదివి మంచి మార్కులతో కళాశాలలో చేరి, నెల తిరుగకముందే నా యింటికి వచ్చినాడు. “అయ్యా, నాకేమియు అర్థమగుటలేదు, చదువు మానుదును” అన్నాడు. ఏ పాఠము జరుగుచున్నదని యడిగితిని. “ఫోటోసింథసిస్” అన్నాడు. కిరణజన్య సంయోగక్రియను గుఱించి చెప్పుమంటిని. గ్రుక్క తిప్పుకొనక చెప్పినాడు: పత్రహరితము, సూర్యకాంతి, నీరు, కార్బన్ డై ఆక్సైడు, పిండిపదార్థము, విడుదలయగు ఆక్సిజను. రెండును ఒకటేయని చెప్పినప్పుడు వాని ముఖమున గలిగిన వికాసమును నేనిప్పటికిని మఱువలేదు. వానికి శాస్త్రము రాకపోలేదు. శాస్త్రము పేరు మార్చుకొని వచ్చినది, అంతే.

ఇట్టి బిడ్డలు మన పల్లెలలో ఎందఱో యున్నారు. వారికి చేయవలసిన సహాయము, పదమును విప్పి చూపుట. ఫోటో యనగా గ్రీకుభాషలో కాంతి. సింథసిస్ అనగా కలిపి కూర్చుట. మన సంధానము అను పదమునకును అదియే యర్థము. అంతేకాదు, ఆ థెసిస్‌లోని ధాతువును మన ధా ధాతువును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. బయాలజీలోని బయో మన జీవశబ్దమునకు జ్ఞాతి. జీన్, జీనస్ అనువాని ధాతువు మన జన ధాతువునకు సోదరము. కనుకనే జీన్‌కు జన్యువు అని మనవారు పెట్టిన పేరు అంత చక్కగా అతికినది. ఆస్టియో అస్థి, ఆక్టో అష్ట, పోడ్ పాదము, హైపర్ ఉపరి, హైపో ఉప. ఆక్టోపస్ అనగా అష్టపాది; ఆర్థ్రోపోడా అనగా కీళ్లుగల కాళ్లుగలవి. ఈగను దోమను చేర్చిన డిప్టెరా వర్గమునకు రెండు ఱెక్కలుగలది యని యర్థము. దోమకు రెండే ఱెక్కలు, సీతాకోకచిలుకకు నాలుగు అని చూచిన బిడ్డకు ఆ పదము బరువు కాదు, గుఱుతు.

ఇందాకటి మందారముననే యింకొకటి చూడుడు. కేసరముల కాడలన్నియు ఒక్కటిగా కూడియుండుటను ఆంగ్లమున మోనడెల్ఫస్ అందురు. మోనో యనగా ఒకటి. అడెల్ఫోస్ అనగా గ్రీకున సోదరుడు. ఆ శబ్దమునకు ఒకే గర్భమున పుట్టినవాడని వ్యుత్పత్తి. మన సోదరశబ్దమునకును ఒకే ఉదరమున పుట్టినవాడనియే వ్యుత్పత్తి. పరస్పరము సోదరులమని చెప్పుకొనుచు కూడిన యీ సభలో ఈ మాటను మఱచువారుందురా?

కావున ఎనిమిదవ తరగతినుండి ప్రతి విద్యార్థియు మూడు గడుల పుస్తకము నొకదానిని ఉంచుకొనవలయును. మొదటి గడిలో తెలుగుమాట, రెండవ గడిలో ఆంగ్లపదము, మూడవ గడిలో దాని ముక్కల యర్థము. దినమునకు రెండు పదములు చాలును. ఏడాదికి ఏడువందలు దాటును, మూడేండ్లకు రెండువేలు. రెండు రాష్ట్రములలోను ఒక ప్రక్క తెలుగును ఎదుటి ప్రక్క ఆంగ్లమును గల ద్విభాషాపాఠ్యపుస్తకములు వచ్చినవి. వానిని రెండు ప్రక్కలను చదివించుడు. ఆంగ్లపదము రావలెనని తెలుగుమాటను విడిచిపెట్టవలదు. భావము తెలుగున నాటుకొన్న పిమ్మట ఆంగ్లపదము దానిపై నిలుచును. భావము లేని పదము గాలిలో దీపము.

మూడవది గణనము. గణితము రానివారికి బైపీసీ యని మనవారిలో నొక యపోహ గలదు. దీనివలన నష్టపోయిన పిల్లలు పెక్కుమంది. జన్యుశాస్త్రమునకు పునాది వేసిన మెండెల్ ఏమి చేసినాడు? లెక్కించినాడు. ఆయన బఠానీమొక్కలలో గుండ్రని గింజల వంశమును ముడుతలుపడిన గింజల వంశమును సంకరము చేయగా, మొదటి తరమున అన్నియు గుండ్రనివే వచ్చినవి. వానిని నాటి రెండవ తరపు గింజలను లెక్కింపగా 7324 గింజలలో 5474 గుండ్రనివి, 1850 ముడుతలవి. ఇంచుమించు మూడునకొకటి. ప్రతి మొక్కయందును ఆ లక్షణమునకు రెండంశములుండునని, సంతానమునకు ఒక్కటే పోవునని, కలయికలు నాలుగు విధములనియు, అందొక్కదానియందే రెండును ముడుతల యంశములగుననియు ఊహించినచో ఆ లెక్క సరిపోవును. 1866లో ప్రకటితమైన ఈ విషయమును లోకము 1900 వఱకు గుర్తింపలేదు. ముడుతలగింజలు మఱల వచ్చుట తోటమాలులందఱు చూచియేయుందురు. ఎన్నింటికెన్ని యని యడిగినవాడు శాస్త్రజ్ఞుడైనాడు.

అందుచే మన పిల్లలకు నిష్పత్తి, శాతము, సంభావ్యత యను వానియందు భయముండరాదు. రసాయనశాస్త్రముతోడ వైరమును పనికిరాదు. ఆమ్లక్షారములు తెలియనిదే జీర్ణక్రియ తెలియదు; ఆక్సీకరణము తెలియనిదే శ్వాసక్రియ తెలియదు. ఉన్నతపాఠశాలలో ఈ రెండింటిని నిర్లక్ష్యము చేసి కళాశాలలో జీవశాస్త్రమున రాణింతుమనుట వట్టిమాట.

ఈ సందర్భమున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపకుండలేను. ఆయన 1923లో అమెరికాకు వెడలి, హార్వర్డునందు ఫిస్కే యను పండితునితో కూడి, శరీరద్రవములలోని ఫాస్ఫరసును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. ఆ కొలతయే చేతిదీపమై, కండరములలోని ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏటీపీని 1929లోను కనుగొనుటకు దారితీసినది. నేడు ఏటీపీ మాట లేని కళాశాల జీవశాస్త్రగ్రంథము లేదు. మన పిల్లలు ఆ మూడక్షరములను బట్టీపట్టుచున్నారేగాని, అది వెలుగుచూచిన కృషిలో గోదావరిమండలపు బిడ్డ చేయియున్నదని వారికి చెప్పువారు తక్కువ. ఆయనయు మెట్రిక్యులేషనులో తొలుదొల్త తప్పినవారే. ఒక్క పరీక్షలో తప్పిన బిడ్డను ఇంట చిన్నచూపు చూచు తల్లిదండ్రులు ఇది జ్ఞాపకముంచుకొందురుగాక.

నాలుగవది ధారణము. ఇంత చెప్పి కంఠస్థము చేయుటను నేను నిందింపబోను. కంఠస్థవిద్యలోనే పెరిగినవాడను. కాని మన పూర్వుల పద్ధతిలో రెండు భాగములున్నవి. వల్లె వేయుట యొకటి. గురువునకు అప్పగించుట రెండవది. నేటి పిల్లలు మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని విడిచినారు. పుస్తకమును పదిసార్లు త్రిప్పి చదివి, వచ్చినదని భ్రమపడుచున్నారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె యను మనశ్శాస్త్రజ్ఞులు విద్యార్థులపై నొక పరిశోధన చేసినారు. కొందఱు పాఠమును మఱల మఱల చదివినారు. కొందఱు పుస్తకము మూసి జ్ఞాపకమున్నంత వ్రాసినారు. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా మఱల చదివినవారే మెఱుగు. వారము తరువాత పరీక్షింపగా, మూసి వ్రాసినవారికే ఎక్కువ నిలిచియున్నది. మన అప్పగింతకు ఇంతకన్న సాక్ష్య మేల?

దీనిని ఆచరించుట కష్టము కాదు. పాఠము విన్ననాటి రాత్రి పుస్తకము మూసి పది వాక్యములు వ్రాయవలయును; ఒక బొమ్మను చూడక గీసి భాగములు గుర్తింపవలయును; పిమ్మట పుస్తకము తెఱచి తప్పులు దిద్దుకొనవలయును. మూడు దినములకొకసారి, వారమునకొకసారి, నెలకొకసారి అదే పాఠమును అట్లే అప్పగింపవలయును. వినుటకు శాస్త్రము తెలిసినవారే యుండనక్కఱలేదు. అవ్వ విన్నను చాలును. అవ్వకు తెలియునట్లు చెప్పగలిగిన బిడ్డకు పాఠము వచ్చినట్లే. రాత్రి నిద్ర చెఱచుకొని చదివినది ఉదయమునకు నిలువదు. కావున వేళకు పరుండనిండు.

“అయ్యా, ఇవన్నియు మార్కులు తెచ్చునా?” అని మీరడుగుదురు. నిమిషమునకొక ప్రశ్న వచ్చు పరీక్షలో, తప్పునకు దండనయు గలచోట, బట్టీపట్టినవాడు పుస్తకములోని వాక్యము మాఱిన తికమకపడును. చూచి, పదము విప్పి, లెక్కించి నేర్చినవాడు వాక్యమెట్లు తిరిగినను వస్తువును పట్టుకొనును. మార్కులు అట్టివానిని వెదకుకొని వచ్చును. కాని ప్రతి బిడ్డకు వైద్యకళాశాలలో స్థానము దొరకదు. అది స్థానముల సంఖ్యవలని సంగతి, బిడ్డ దోషము కాదు. జీవశాస్త్రము చదివినవారికి వ్యవసాయము, పశువైద్యము, ఉద్యానవిద్య, మత్స్యవిద్య, ఔషధనిర్మాణము, రోగిపరిచర్య మున్నగు మార్గములున్నవి. బిడ్డకు ఇష్టము లేనిచో ఈ శాస్త్రమును బలవంతముగా కట్టబెట్టవలదు. వానరోదనము వినకయే ఈతకు దింపినవానికి పుణ్యము రాదు.

ఇక మన సంఘమునకు నా విన్నపములు నాలుగు. మన ఉపకారవేతనములు ఇంటర్మీడియట్ ముగించి ర్యాంకు తెచ్చుకొన్నవారికి, సభలో శాలువతోకూడ, లభించుచున్నవి. అది సంతోషకరమే. కాని పండిన చేనికి నీరు పెట్టుట అది. అందు సగమును తొమ్మిదవ తరగతిలో, పల్లెటూరి పాఠశాలలలో చదువు పేదబిడ్డలకు మరలింపుడు. రెండవది, మన వసతిగృహమున రెండు సూక్ష్మదర్శినులను, వాని ప్రక్కన ద్విభాషాపదకోశమును ఉంచుడు. బీరువాలో తాళమువేసి కాదు, పిల్లల చేతికందునట్లు. మూడవది, పదవ తరగతి పరీక్షలకును కళాశాల తెఱచుటకును నడుమనున్న వేసవిలో నెలదినములు ఒక శిబిరము నడపుడు. ఉదయము దర్శనము, మధ్యాహ్నము పదములు, సాయంకాలము అప్పగింత. మనలో విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులకు, వైద్యులకు, వ్యవసాయాధికారులకు కొదవలేదు. పదములు చెప్పుటకు నేను వేతనము లేక వత్తును. నాలుగవది, ఈ శిబిరమున ఆడపిల్లలకు సగము స్థానములుండవలయును. వారి రాకపోకలకు, బసకు సంఘమే పూచీపడవలయును. ప్రక్క ఊరి కళాశాలకు పంపుటకు భయపడి చదువు మాన్పించిన ఆడుబిడ్డలు మన వాడలలో ఇంకను ఉన్నారు. ఆ భయమును తీర్చుటకన్న సంఘమునకు వేఱు పని యేమి?

మెదడు లేక ఓడిపోవు పిల్లలు తక్కువ. చేయూత సకాలమున అందక ఓడిపోవువారే ఎక్కువ. ఆ చేయూతను కళాశాల గుమ్మమున కాక పాఠశాల బల్లయొద్దనే అందింపుడని వేడుకొనుచున్నాను.